చెక్క రెక్క వెనక

ఆర్డ్‌లీ ఇంట్లో దయ్యముందని మొదట అన్నది నేను కాదు. బతుకంతా మాంసం కొట్టు నడిపినదాన్ని. చచ్చినవి లేచి రావన్న సంగతి నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

మా ఆయన పోయాక కొట్టు అమ్మేశాను. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని గోడలతో మాట్లాడటం మొదలయ్యేసరికి, ఇది మంచి లక్షణం కాదని, కొండ మీది ఆర్డ్‌లీ ఇంటిని జనానికి చూపించే పనికి పేరిచ్చాను. జీతం లేని పని. నల్ల గౌను, గంజి పెట్టిన తెల్ల టోపీ, నడుముకి తాళాల గుత్తి ఇచ్చి, బుధవారం, ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఇంటి పనివాళ్ళందరి మీదా పెద్దావిడవి నువ్వే అన్నారు. అందరి మీదా నోరు చేసుకోవడం కొట్లో అలవాటే కాబట్టి ఆ వేషం నాకు బాగానే అతికింది.

ఇల్లు కట్టించింది జొసయా పెన్‌బర్తీ. బంగారు గనిలోకి కూలీగా దిగి యజమానిగా పైకి వచ్చినవాడు. వచ్చిందంతా ఈ ఇంటికే పోశాడు. వరండా చుట్టూ లేసు అల్లినట్టుండే పోత ఇనుము, హాల్లో రంగుల గాజు తలుపు, ముందు తోటలో బున్యా చెట్లు, కమేలియా పొదలు, ఫెర్న్ మొక్కలకి ప్రత్యేకంగా ఓ అద్దాల ఇల్లు. మనవల కాలానికి ఆస్తి కరిగిపోయింది. ఇల్లు చాలా చేతులు మారింది. చివరికి కప్పు కారి, కాకటూ పక్షులు కిటికీ చెక్కల్ని కొరికి పారేసే స్థితికి వచ్చాక మా ఊరి చరిత్ర సంఘం తీసుకుని బాగు చేయించింది.

బాగు చేయడమంటే సంఘం వాళ్ళ అర్థం వేరు. ఇల్లు ఏ సంవత్సరంలో ఉన్నట్టు ఉండాలో ముందే తేల్చుకోవాలట. తేల్చారు: 1889. గవర్నరు ఇక్కడికి భోజనానికి వచ్చిన ఏడాది. ఆ తర్వాత పుట్టిన వస్తువేదీ గడప దాటి లోపలికి రాకూడదు. నా చేతి గడియారం తీయించారు. కళ్ళజోడు కూడా తీయమన్నారు కానీ, మెట్ల మీంచి పడి చస్తే ఆ దయ్యం మీ కాలానిది కాదు, ఆలోచించుకోండి అన్నాను, ఊరుకున్నారు. సంఘానికి అధ్యక్షుడు రస్సెల్ గారు, ఒకప్పుడు బ్యాంకు మేనేజరు. మంచి మనిషే. కాకపోతే ఆయన కాపురమంతా 1889లోనే. మనతో మాట్లాడటానికి అప్పుడప్పుడు ఇటు వచ్చి వెళుతుంటాడు.

దయ్యానికి కూడా అదే నియమం పెట్టారు. పెన్‌బర్తీ చిన్న కొడుకు ఎడ్మండ్, ఐదేళ్ళవాడు, ఆ ఏడాదే డిఫ్తీరియాతో పోయాడు. అందుకని మేడ మీద పిల్లల గదిలో ఏం జరిగినా అది ఎడ్మండ్ పనే.

జరిగేది ఇది. ఆ గది కిటికీకి లోపలివైపు రెండు పక్కలా చెక్క రెక్కలున్నాయి. చీకటి పడ్డాక వాటిని లాగి కిటికీకి అడ్డంగా మూసేవాళ్ళు, తెల్లవారాక మడిచి గోడలోని గూళ్ళలోకి తోసేసేవాళ్ళు. లోపలికి తోశాక అది గోడలో భాగమైపోతుంది. వెనక గూడుందని చెబితే తప్ప తెలియదు. ఎడమ రెక్క చెప్పిన మాట వినేది. కుడి రెక్కతోనే తంటా. మొదటి గుంపు రాకముందే నేను దాన్ని లోపలికి నొక్కి వచ్చేదాన్ని. రెండో గుంపుతో పైకి వెళ్ళేసరికి బయటికి వచ్చి నిలబడి ఉండేది. వడ్రంగి మోరిస్ వచ్చి కీళ్ళకి నూనె పోశాడు, ఇత్తడి గడియ బిగించాడు. మళ్ళీసారి వెళ్ళేసరికి గడియ తీసి ఉంది. గాలికి అన్నాను. కిటికీ మూసే ఉంది కదా అన్నాడు. పాతిల్లు కదా, సర్దుకుంటోంది అన్నాను. కట్టినప్పటి నుంచీ ఇంకా సర్దుకోలేదా అమ్మగారూ అన్నాడు. నా టోపీ చూసినప్పటి నుంచి వాడికి నేను అమ్మగారినే.

జబ్బుపడ్డ ఎడ్మండ్‌కి వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోందని, అందుకే వాడు కిటికీ మూసుకోవాలని చూస్తున్నాడని రస్సెల్ గారు ఓ కథ కట్టి మాకు నేర్పారు. జనానికి అది తెగ నచ్చింది. ఆ మాట దగ్గరికి రాగానే ఆడవాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకునేవాళ్ళు.

ఏడుపు సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. పిల్లల గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు వినబడేది. గొంతు చించుకుని ఏడ్చే ఏడుపు కాదు. ఏడ్చి ఏడ్చి, ఎవరూ రారని తెలిసిపోయాక మూలిగే మూలుగు. కప్పులో పోసమ్ లాంటి జంతువేదో దూరి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఐదేళ్ళ పిల్లాడి ఏడుపు అలా ఉండదని తెలుసు, ఇద్దరు బిడ్డల్ని పెంచాను. కానీ తెలిసినదాన్ని తెలియనట్టు ఉంచుకోవడం కూడా ఒక ఓదార్పే. ఏడుపు వచ్చిన రోజు గదిలో వాసన కూడా వచ్చేది, వేడినీళ్ళలో కలిపిన పాలపొడి వాసన. అది ఒకసారి రస్సెల్ గారి చెవిన వేశాను.

“పెన్‌బర్తీల ఇంట్లో పాలపొడి వాడలేదు, ఐల్సా” అన్నారాయన ఎంతో ఓపిగ్గా. “వెనక రెండు ఆవులుండేవి. కాబట్టి మీకు ఆ వాసన వచ్చి ఉండదు.”

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఆ కుడి గూటి లోపలి గోడ మీద రంగుల మెట్లు ఉన్నాయి. ఇల్లంతా గీకి 1889 నాటి ఆకుపచ్చ దాకా వెళ్ళినవాడు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన రంగుల నిపుణుడు. వాళ్ళ పనిలో ఓ పద్ధతి ఉంది. గోడలన్నీ గీకేసినా, ఎవరి కంటా పడని చోట అరచేయంత జాగా వదిలిపెట్టాలి. అక్కడ ఒక్కో పొరనీ రెండేసి వేళ్ళ వెడల్పున, కింది నుంచి పైకి, మెట్లు మెట్లుగా తేల్చి, ఏ రంగు మీద ఏ రంగు పడిందో రుజువుగా ఉంచాలి. అడుగున ఆకుపచ్చ, ఆపైన గోధుమ, ఆపైన నీలం, అన్నిటికంటే పైన ఆసుపత్రుల్లో వేసే మీగడ రంగు. రంగుల పిచ్చి ఉన్నవాళ్ళు వస్తే తప్ప అది చూపించం. చూపిస్తే మాత్రం చివరి మెట్టు దగ్గర చెప్పడానికి ఓ హాస్యం ఉంది, రస్సెల్ గారు కూర్చినదే. “ఈ రంగు వేసినవాళ్ళకి పని రాదు. బుడగలు లేచి, పగిలి, ఎలా గుంటలు పడ్డాయో చూడండి” అనాలి. మీగడ రంగు కింది అంచులో నిజంగానే గుంటలున్నాయి, చిన్నచిన్నవి, వరసగా ఐదు. జనం మెడలు సాచి చూసి నవ్వేవాళ్ళు.

కోరల్ మొదటిసారి వచ్చింది ఓ ఆదివారం. ఆకులు రాలే కాలం, తోటలో ఊడ్చినకొద్దీ మళ్ళీ రాలుతున్నాయి. సన్నగా, నిటారుగా ఉన్న ముసలావిడ, చేతిలో కర్ర. ఏదైనా చూడాలంటే తల పక్కకి తిప్పి చూస్తోంది. చూపు మధ్యలో పోయి అంచుల్లోనే మిగిలిందని తర్వాత చెప్పింది. భోజనాల గదిలో వెండి సామాను దగ్గర అందరూ ఆగితే ఆవిడ ఆగలేదు. వంటింట్లో రాగి గిన్నెల దగ్గరా ఆగలేదు. మెట్ల మీద మాత్రం నాకంటే ముందు నడిచింది, దారి తెలిసినదానిలా.

పిల్లల గదికి గుమ్మం లోపల తాడు కట్టి ఉంటుంది, ఎవరూ దాటకూడదు. ఆవిడ ఆ తాడు పట్టుకుని, ఈ గోడలకి పాత రంగులు అలాగే ఉన్నాయా అని అడిగింది. ఎప్పుడూ చెప్పే మాటే గర్వంగా చెప్పాను, మొత్తం గీకించేశాం, ఇది అసలు రంగు అని.

“మొత్తమా?”

“గోడ నున్నగా అయ్యేదాకా.”

ఆవిడ ముఖంలో రక్తం లేకుండా పోయింది. మెట్లెక్కిన ఆయాసం అనుకుని మంచినీళ్ళు కావాలా అన్నాను. వద్దంది. అప్పటికి కుడి రెక్క మామూలుగా బయటికి వచ్చి ఉంది. నేను తాడు దాటి వెళ్ళి, కొట్లో ఫ్రిజ్ తలుపు వేసినట్టు తుంటితో ఒక్క తోపు తోశాను.

“అలా తొయ్యకు” అంది ఆవిడ. గట్టిగా అనలేదు. అయినా గుంపంతా తిరిగి చూశారు.

ఆ రోజే ఇంకోటి జరిగింది. గదిని దగ్గరగా ఫోటో తీసుకుంటానని గీలాంగ్ నుంచి వచ్చిన ఓ భారీ మనిషి తాడు దాటి వెళితే, రెక్క విసురుగా వచ్చి మోచేతికి తగిలింది. ఎముకకేం కాలేదు కానీ మనిషి నానా గొడవా చేశాడు. ఇన్సూరెన్సు వాళ్ళకి తెలిస్తే ఇల్లు మూయించేస్తారని రస్సెల్ గారికి గుండె దడ పట్టుకుంది. బుధవారం మోరిస్ వచ్చి రెండు రెక్కల్నీ గూళ్ళలోకి తోసి, ఇక ఎప్పటికీ రాకుండా స్క్రూలు బిగించేయాలని తీర్మానించారు. మరి ఎడ్మండ్ సంగతేమిటని నవ్వుతూ అడిగాను. ఎడ్మండ్‌ని మాటల్లో చెప్పుకుందాం అన్నారు, ఏ మాత్రం నవ్వకుండా.

బుధవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కోరల్ జనం కోసం పెట్టిన టీ గది బయట నిలబడి ఉంది. రస్సెల్ గారికి అప్పటికే ఫోన్ చేసిందట. తాను ఒకప్పుడు ఈ ఇంట్లో ఉన్నానని, పిల్లల గదిలో ఒక్కసారి లోపలికి వెళ్ళనివ్వమని అడిగిందట. ఏ కాలంలో ఉన్నారమ్మా అని ఆయన మర్యాదగానే అడిగి, విని, ఆ కాలం మా కథలో లేదండీ అన్నారట.

ఏ కాలమో నాకు వెంటనే తెలిసింది. నేను చిన్న బళ్ళో చదువుతున్నప్పుడు ఆర్డ్‌లీ ఇల్లు ఓ హోం. పెళ్ళి కాకుండా కడుపొచ్చిన ఆడపిల్లల్ని తల్లిదండ్రులు తెచ్చి ఇక్కడ దాచేవాళ్ళు. ఆదివారం ఆ అమ్మాయిలు ఒకే రకం బూడిదరంగు కోట్లు వేసుకుని, వరసలో చర్చికి నడిచేవాళ్ళు. వాళ్ళు ఎదురైతే మా అమ్మ నా ముఖం అటు తిప్పేది. ఇప్పుడు ఇంటి ముందున్న బోర్డు మీద ఆ కాలమంతటికీ ఒకే ఒక్క వాక్యం: ‘తర్వాత కొంతకాలం ఒక సంస్థ ఆధీనంలో ఉండెను.’

లోపల కూర్చోబెట్టి టీ, కేకు తెప్పించాను. ఆవిడ కేకు ముట్టలేదు. మూల ఉన్న పెద్ద రాగి కాగు వైపు తల తిప్పి చూసింది. మా వాళ్ళు దాన్ని తళతళలాడేలా తోమించి ఫెర్న్ మొక్క పెట్టారు.

“ఇది మా చాకిరేవు” అంది. “ఆ కాగు నాదే. అందులో దుప్పట్లు ఉడకబెట్టి కర్రతో కలిపేదాన్ని, నొప్పులొచ్చే రోజు దాకా. ఇప్పుడు మొక్క పెట్టారా? పోన్లే, మొక్కకైనా సుఖంగా ఉంది.”

తర్వాత మిగిలింది చెప్పింది. కొడుకు పుట్టాడు. చూపించలేదు. పిల్లలందరినీ మేడ మీద గదిలో ఉంచేవాళ్ళు, తల్లులు ఆ మెట్లెక్కడానికి వీల్లేదు. దత్తు తీసుకునేవాళ్ళు వస్తారు, బిడ్డ నీ కంటపడకపోవడమే నీకు మంచిది అనేవాళ్ళు. పాలు గుడ్డ కట్టి ఆపేశారు. మంచం దిగగానే మళ్ళీ పనిలో పెట్టారు. ఆ వారం హోం నడిపే మేట్రన్‌కి పిల్లల గది కిటికీ పక్కలు మాసిపోయినట్టు కనబడ్డాయి. రంగు వేయడానికి కోరల్‌ని పైకి పంపింది, కాపలాకి ఓ నర్సుని పెట్టి.

“గూటి లోపలంతా వేశాను, రెక్క తీసి. బాగా వేశానమ్మా. మా నాన్న రంగులు వేసేవాడు, నాకు పని తెలుసు. ఇంతలో కింద ఫోన్ మోగితే నర్సు దిగింది. నేను ఉయ్యాలల వైపు వెళ్ళాను. వాళ్ళలో నావాడెవడో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. మా నాన్న ముఖమే.”

ఆవిడ కేకు ప్లేటు పక్కకి జరిపింది.

“ఎత్తుకున్నాను. నీల్ అని పిలిచాను. మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. వాడిది ఏదో ఒకటి ఇక్కడ ఉంచాలనిపించింది, ఎందుకో చెప్పలేను. పాదాన్ని తడి రంగులో అద్దాను. గౌను అంచుతో కాలు తుడిచి మళ్ళీ పడుకోబెట్టాను. వేళ్ళ సందుల్లో రంగు పోనేలేదు.”

రెక్కని ఊరికే తుడుస్తూ కూర్చోవడం దండగని, మర్నాడే మేట్రన్ రెండు రెక్కల్నీ గూళ్ళలోకి తోయించి మేకులు కొట్టించేసిందట. మంచిదే అయింది, ఎవరూ చూడరు అనుకుంది కోరల్. పిల్లాణ్ణి మంచి కుటుంబం తీసుకెళ్ళిందని చెప్పారు. ఆవిడ నమ్మింది. సగం జీవితం వీధిలో ప్రతి మగపిల్లాడి ముఖంలోనూ తండ్రి పోలిక వెతికింది. ప్రభుత్వం పాత రికార్డులు చూసుకోనిచ్చాక తెలిసింది: వాడు ఏ ఇంటికీ వెళ్ళలేదు. ఆ వారమే, ఆ గదిలోనే, ఊపిరాడక పోయాడు. ఊరి శ్మశానంలో పేరు లేని చోట ఎక్కడో పెట్టారు.

“ఆ రంగు వల్లే పోయాడేమోనని చాలా ఏళ్ళు కుమిలిపోయాను” అంది. “కాదని డాక్టరు చెప్పాడు. అయినా ఆ భయం పోదు. ఫోటో లేదు, బట్ట లేదు, రాయి లేదు. ఆ ముద్ర ఒక్కటే. చూపు పూర్తిగా పోకముందు ఒక్కసారి చూద్దామని వచ్చాను. నువ్వేమో మొత్తం గీకించేశాం అన్నావు.”

అది ఏ వైపు అని అడిగాను, తెలిసే అడిగాను.

“కుడి వైపు. రెక్క వెనక. ఎవరి కంటా పడని చోటు కదా అని.”

ఎవరి కంటా పడని చోటు. రంగుల నిపుణుడు కూడా సరిగ్గా అదే మాట అనుకుని ఆ చోటే ఎంచుకున్నాడు. వరసగా ఐదు గుంటలు నా కళ్ళ ముందుకొచ్చాయి. ఒకటి కాస్త పెద్దది, నాలుగు చిన్నవి. మాంసం కొట్టేదాన్ని, దేహాలు ఎరిగినదాన్ని, ఇన్నాళ్ళూ వాటి ముందు నిలబడి జనాన్ని నవ్వించాను. టీ కప్పు కింద పెట్టాను. ఆవిడకి ఆశ పెట్టే ధైర్యం చాల్లేదు. లేవండి, పైకి వెళదాం అని మాత్రం అన్నాను.

మేం మెట్లెక్కుతుండగానే పైన డ్రిల్లు చప్పుడు మొదలైంది. నేను కోరల్ చెయ్యి పట్టుకుని దాదాపు లాక్కుపోయాను. గదిలో మోరిస్ ఎడమ రెక్క పని ముగించి, కుడి రెక్కని అరచేత్తో గూట్లోకి అదిమి పట్టి, రెండో చేత్తో డ్రిల్లు ఎత్తాడు. పక్కన రస్సెల్ గారు. ఆగమన్నాను. నా గొంతు విని మోరిస్ ఆగిపోయాడు.

రస్సెల్ గారు నన్ను చూసి, నా వెనకున్నావిడని చూసి నిట్టూర్చారు. ఫోన్‌లో చెప్పిందే మళ్ళీ చెప్పారు, గొంతు పెంచకుండా, నిజంగానే నొచ్చుకుంటూ. ఈ ఇంటికి ఒక కాలం ఉంది, అందులో అందరి కథలూ పెడితే ఏ కథా మిగలదు, మీ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ కాలం మా దాంట్లో లేదు.

“మీ కథలో లేకపోతే మానె, బాబూ” అంది కోరల్. “ఇంట్లో మాత్రం ఉన్నాం కదా.”

బయట పక్షులు ఊరుకున్నాయి. అప్పుడు వినబడింది ఆ మూలుగు. నాకొక్కదానికే కాదని అందరి ముఖాలూ చూస్తే తెలిసింది. కోరల్ తల పక్కకి తిప్పలేదు, నేరుగా ముందుకే చూస్తోంది. మోరిస్ చెయ్యి కింద రెక్క కదిలింది. వాడు దాన్ని లాగలేదు. లోపలికే అదుముతున్నాడు, వాడి మణికట్టు నరాలు ఉబ్బడం చూశాను. గూటి లోపలి నుంచి ఏదో నెమ్మదిగా, పట్టు విడవకుండా తోస్తున్నట్టు అది వాడి చేతిని వెనక్కి నెట్టుకుంటూ బయటికి వచ్చింది. పూర్తిగా తెరుచుకుని ఆగింది. వాడు డ్రిల్లు నేల మీద పెట్టేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“పాలపొడి” అన్నారు రస్సెల్ గారు.

ఆ రెక్క వచ్చేది కిటికీ మూయడానికి కాదు. ఇన్నాళ్ళూ మేమంతా కిటికీ వైపే చూశాం, అది దేన్ని కప్పుతోందా అని. అది దేన్ని తెరుస్తోందో ఒక్కరమూ చూడలేదు. వచ్చిన ప్రతిసారీ నేను దాన్ని తుంటితో తోసి మూసేశాను.

తాడు విప్పి కింద పడేశాను. గోడల్ని ఎవరూ ముట్టకూడదన్న నియమం ఒకటుంది. కోరల్ చూపుడు వేలు నా చేత్తో పట్టుకుని, గూట్లోకి తీసుకెళ్ళి, మీగడ రంగు కింది అంచు మీద పెట్టాను.

మొదట పెద్ద గుంట. బఠాణీ గింజ పట్టేంత ఉంటుంది, అంతే. వేలు అక్కడ ఆగిపోయింది. తర్వాత పక్కది, ఆ పక్కది. చిటికెన వేలి గుంట దగ్గర ఆవిడ నోటి నుంచి ఓ చిన్న శబ్దం వచ్చింది. ముసలావిడ గొంతు కాదది, పదిహేడేళ్ళ పిల్ల గొంతు. రెండో చెయ్యి కూడా గోడకి ఆనించి, నుదురు రెక్క అంచుకి ఆన్చి, వేలు మళ్ళీ మొదటి నుంచి తెచ్చింది. ఆ వేలు కిందికి జారింది. అక్కడ నీలం మెట్టు. నున్నగా ఉంది. కొంచెం అటూ ఇటూ వెతికింది.

“పాదం ఏదీ?” అంది. “మడమేదీ?”

నేను రస్సెల్ గారి వైపు చూశాను. పాపం, ఆ మనిషి ముఖం చూస్తే ఇంకేమీ అనబుద్ధి కాలేదు. రుజువు కోసం గీకారండీ అని చెప్పాల్సింది నేనే, చెప్పాను.

కోరల్ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. “పోన్లే” అంది చివరికి. “వేళ్ళున్నాయి.”

మోరిస్ ముఖం అటు తిప్పుకుని ఏడ్చాడు. నేను ఏడ్చాను. ఆ రోజు ఇంటి ముందు చూడటానికి వచ్చిన గుంపుని రస్సెల్ గారే వెళ్ళి వెనక్కి పంపారు. ఎడ్మండ్ మంచం పక్కన ఉండే, ఎవరూ కూర్చోకూడని మఖమలు కుర్చీని ఆయనే మోసుకొచ్చి గూటి పక్కన వేశారు. తలుపులు మూసే వేళ దాకా కోరల్ అందులో కూర్చుని, గోడ మీద వేలుంచి, వాడితో మెల్లగా మాట్లాడుతూ ఉంది. ఏం చెప్పిందో నేను వినలేదు, వినడానికి అది నాది కాదు. గదిలో మూలుగు మాత్రం ఆగిపోయింది.

బుడగల హాస్యం తీసేశారు. బోర్డు మీద ఇంకో వాక్యం చేర్చాలా వద్దా అని సంఘంలో ఇంకా వాదులాడుకుంటున్నారు. రస్సెల్ గారు చేర్చాలనే అంటున్నారట. కోరల్ తన ఊరు వెళ్ళింది. వచ్చే నెల మళ్ళీ వస్తానంది. ఆ కుర్చీ అక్కడే ఉంచాం.

తర్వాతి ఆదివారం తాళం తీసి నేనే ముందు పైకి వెళ్ళాను. కుడి రెక్క గూట్లో ఉంది. గడియ కూడా వెయ్యలేదు, అయినా కదలకుండా, హాయిగా, నిద్రపోయినట్టు ఉంది. నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను. అప్పుడు ఇటు తిరిగాను.

ఎడమ రెక్క బయటికి వచ్చి నిలబడి ఉంది. మోరిస్ బిగించిన స్క్రూలు నేల మీద పడి ఉన్నాయి.

దగ్గరికి వెళ్ళి ఆ గూట్లోకి చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అరచేత్తో పైనుంచి కిందిదాకా తడిమాను. అటు వైపు మెట్లు వదల్లేదు, ఒక్క చోట వదిలితే చాలు కదా. గోడంతా ఆకుపచ్చ. గీత లేదు, గుంట లేదు. ఆ మెల్‌బోర్న్ మనిషి పని చాలా శ్రద్ధగా చేశాడు.

కింద గేటు దగ్గర మొదటి గుంపు మాటలు వినబడుతున్నాయి. రెక్కని లోపలికి తొయ్యడానికి నాకు చేతులు రాలేదు. టోపీ తీసి, ఆ ఖాళీ గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నువ్వెవరి బిడ్డవమ్మా అని అడిగాను.